పుట తిప్పని చెయ్యి

ఆ ఫోటో చూడని మనిషి రాష్ట్రంలో లేడు. బడి వాచకం అట్ట మీద ఉంది. గ్రంథాలయాల గోడల మీద ఉంది. క్యాలెండర్ల మీదికి కూడా ఎక్కింది. చుట్టూ బురదనీళ్లు. నీళ్ల నడుమ బీడీల కార్ఖానా డాబా. డాబా మీద తడిసిన కోళ్లలా ముడుచుకు కూర్చున్న ఆడవాళ్లు. వాళ్ల మధ్య ఒక మనిషి నిటారుగా కూర్చుని, కాగితం అట్ట వేసిన పుస్తకం తెరిచి పట్టుకుని, నోరు కొంచెం తెరిచి చదువుతోంది. నీళ్లు పిట్టగోడను నాకుతున్నాయి. ఆమె చదువుతోంది.

ఫోటో కింద ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు. ‘పుస్తకం పట్టిన చేతిని వరద ముంచలేదు’ అని రాశారు ఒకచోట. పెద్ద పెద్ద సభల్లో ఆ ఫోటో చూపించి, మనిషి మొండితనం గురించీ పుస్తకాల గొప్పదనం గురించీ ఉపన్యాసాలు దంచారు. వినేవాళ్ల కళ్లు చెమర్చేవి.

వరద ముంచింది. ఆ మనిషి పేరు రాజవ్వ. ఫోటో తీసిన పూటే డాబా కూలి, ఆమె పోయింది. పై ప్రాజెక్టు గేట్లు చాటింపు కూడా వేయించకుండా ఎత్తేశారు. ఎత్తమన్నవాడెవడో ఇప్పటికీ తేలలేదు. ఆడదాని ధైర్యాన్ని మెచ్చుకోవడం సుళువు. గేటు ఎవడెత్తాడని అడిగితే ఉద్యోగాలు కదులుతాయి. కాబట్టి అందరూ కలిసి ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

వినోద కూడా ఆ ఫోటోలో ఉంది. రాజవ్వ నడుము పక్కన నల్లగా చిన్న తల ఒకటి కనబడుతుంది, అదే వినోద. అప్పటికి ఇంకా మాటలు రాని పిల్ల. తల్లి ముఖం గుర్తులేదు, ఫోటోలో చూసిందే. ‘మీ అమ్మ ఊరందరికీ తల్లి’ అని వచ్చినవాళ్లంతా తల నిమిరేవాళ్లు. ఊరందరికీ తల్లయితే వినోదకు జడ ఎవరు వేయాలి? గంగామణి వేసింది. కార్ఖానాలో రాజవ్వ పక్క చాట ఆమెది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, పిల్లను సంకనేసుకుని బీడీలు చుట్టి పెంచింది.

వినోద పట్నంలో పాత ఫిల్ములు దాచే కేంద్రంలో ఫిల్ములు కడిగే పనిలో చేరింది. కొన్నేళ్లకు అక్కడే డాక్టర్ కామేశ్వరి ఆ యంత్రం తయారుచేసింది. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు. పనివాళ్లు దాన్ని చేద అనేవాళ్లు. బావిలోంచి నీళ్లు తోడినట్టు ఫిల్ములోంచి వెలుతురు తోడుతుంది.

మొదట తోడింది ఒక జాతర ఫోటోను. పీచుమిఠాయి అమ్మేవాడు పుల్లకు మిఠాయి చుడుతూ ఆగిపోయిన బొమ్మ అది. కామేశ్వరి ఫిల్మును రెండు గాజుపలకల మధ్య బిగించి, సూదిమొనంత కిరణాన్ని వాడి చేతి మీద నిలిపింది. ఎదుటి తెర మీద చెయ్యి కనబడింది. బొమ్మలో ఉన్నట్టే బిగుసుకుని ఉంది. కాసేపటికి బొటనవేలు వణికింది. తర్వాత చెయ్యి పుల్లను తిప్పింది, చుట్టింది, ఎవరికో అందించింది, వేలికంటిన పీచును చొక్కాకు తుడుచుకుంది.

వినోద చేతిలో కడుగుతున్న పళ్లెం జారింది. “ఫోటో తీసినంక అయింది ఫోటోల ఎట్లుంటది మేడం?”

“వెండి రేణువు వెలుతురును మింగినప్పుడు ఆ ఒక్క క్షణాన్నే మింగదమ్మా. దాని వెనకాల వచ్చేది కూడా కొంచెం కొంచెం అంటుకుని లోపలికి పోతుంది. కొస పట్టుకుని లాగితే కొంత దారం వస్తుంది. అంతే.”

ఆ మాట అంటుండగానే తెర మీద చెయ్యి మసకబారింది. గాజుపలకల మధ్య ఫిల్ము మొత్తం పొయ్యిలో బూడిదలా తెల్లబడింది. కిరణం తాకింది ఒక్కచోటే అయినా తక్కిన బొమ్మంతా చచ్చిపోయింది.

“ఒక్క ఫిల్ముకి ఒక్కసారే. ఒక్కచోటే,” అంది కామేశ్వరి. ఆమె ముఖంలో గెలిచిన సంతోషమూ ఉంది, తప్పు చేసిన బెరుకూ ఉంది.

మర్నాడు వినోద ఆమె గది ముందు నిలబడింది.

“మా అమ్మ ఫిల్ము మన దగ్గరనే ఉన్నది మేడం. లోపలి బీరువాల.”

కామేశ్వరి ఆమెను కూర్చోమంది. “చూడు వినోదా, ప్రింట్లు బోలెడున్నాయి, బొమ్మ ఎక్కడికీ పోదు. పోయేది ఆ లోపలి ప్రాణం. ఒకసారి తోడేశాక మళ్లీ నేను కూడా తేలేను. ఎక్కడ తోడాలంటావు?”

“నోటి కాడ. శబ్దం రాదని ఎర్కనే. మా అమ్మ మాట్లాడుతుంటే ఒక్కసారి చూడాలె. ఎప్పుడు చూసినా నోరు తెరిచే ఉంటది మేడం ఆమెకు. మూస్తదా, నవ్వుతదా, పండ్లు ఎట్లుంటయి... నాకు ఏం తెల్వదు.”

“సరే. కానీ ఆ ఫోటోలో బతికున్నవాళ్లందరూ ఒప్పుకోవాలి. అది నేను పెట్టుకున్న నియమం. వాళ్ల ప్రాణం కూడా అందులో ఉంది కదా.”

బతికున్నది వినోద కాక ఇద్దరే. గంగామణి, పోసవ్వ.

*

గంగామణికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒక బతుకంతా తంబాకు దుమ్ము పీల్చిన మనిషి. దగ్గు వస్తే గోడ పట్టుకుని కూర్చుంటుంది, తగ్గితే మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంటుంది. పక్కింటి పోసవ్వ కూడా చాట తెచ్చుకుని ఆమె అరుగు మీదే చుడుతుంది. వినోద చెప్పిందంతా ఇద్దరూ ఆకులు కత్తిరిస్తూనే విన్నారు.

“అయితే రాజవ్వ లేసొస్తదన్నట్టు,” అంది పోసవ్వ.

“లేసి రాదు అవ్వా. కొంచెంసేపు కదులుతది.”

“గంతేనా? నా మొగుడు బతికున్నప్పుడు కూడా గంతే కదిలెటోడు.”

గంగామణి నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టింది. “నోరు వద్దు. పుస్తకం చూడు.”

“ఏంది పెద్దమ్మా?”

“పుస్తకం చూడు అంటున్న. మూతిల ఏముంటది? పుట చూడు.”

ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. చదవడం వచ్చిన ఒకామె వారానికి రెండు మూడు రోజులు నడుమ కూర్చుని పుస్తకం చదవాలి. తక్కినవాళ్లు వింటూ చుట్టాలి. చదివేదాని వాటా బీడీలు అందరూ తలా కాసిని చుట్టి కలపాలి. చదివేది ఆ రోజు ఆకు ముట్టుకోదు. ఆమె చేతిలో పుస్తకాన్ని ఇంకో చెయ్యి ముట్టుకోకూడదు. తంబాకు చేతులతో ముడితే సరస్వతికి దగ్గొస్తదని వాళ్ల వేళాకోళం. అసలు సంగతి, మరకలైతే గ్రంథాలయం వాళ్లు మళ్లీ పుస్తకం ఇవ్వరు. ఈ పద్ధతిని తు.చ. తప్పకుండా నడిపించింది గంగామణే. రాజవ్వ వచ్చాక ఇంకెవరూ చదవలేదు. ఆమె చదివితే దగ్గేవాళ్లు కూడా దగ్గు మింగేవాళ్లు.

ఆఖరున చదివిన కథ చంద్రకళది. చంద్రకళ ఏట్లో పుట్టి, అదే తట్టలాంటి గుండ్రటి పడవ, నడుపుతుంది. దొర గడీలోంచి వెట్టి తప్పించుకుని పారిపోయేవాళ్లను అద్దరికి, అంటే అవతలి ఒడ్డుకు, చేరుస్తుంది. దొర మనుషులు ఇవతలి ఒడ్డున ఆమె గుడిసె తగలబెట్టారు. అద్దరిన కట్టెలు పట్టుకుని కాచుకున్నారు. ఏరు పొంగింది. పుట్టి నడుమ ఏట్లో ఉంది. అక్కడికి వచ్చేసరికి నిజం ఏరు కార్ఖానాలోకి వచ్చింది. అందరూ డాబా ఎక్కారు. రాజవ్వ పుస్తకం కొంగున చుట్టుకుని ఎక్కింది.

“చలికి పండ్లు కొట్టుకుంటుండె,” అంది గంగామణి. “మాతోని చుట్టే బాలమణి అయితే నేను దుంకుత, నాతోని గాదు అని లేసింది. రాజవ్వ పుస్తకం తెరిచి, కూసో, చంద్రకళ ఏం చేసిందో విను అన్నది. కథ అయ్యేదాక ఎవ్వరు సావొద్దని ఒట్టు పెట్టుకున్నం. ఆ కథ పట్టుకునే ఉన్నం బిడ్డా. డాబాను పట్టుకుని గాదు.”

“కథ అయిందా?”

“యాడయితది? పడవొచ్చింది. నిన్ను, ముసలోళ్లను ఎక్కించిన్రు. నా కాలు ఇరిగి ఉండె, నన్ను కూడ గుంజిన్రు. పోసవ్వ నీళ్లల్ల కొట్టుకొచ్చి చెట్టు పట్టుకుంది. మిగిలినోళ్లు పోయిన్రు. కథ సగంల పెట్టుకుని పోయిన్రు.” దగ్గు వచ్చింది. తగ్గేదాకా వినోద ఆమె వీపు రాసింది. “నేను ఇగ ఎన్నో దినాలు ఉండ. అటు పోతే బాలమణి అడగదా, చంద్రకళ ఏమైందే అని? ఏం చెప్పాలె?”

వినోదకు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో గంగామణి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

“నా తల్లి పెద్దమ్మా ఆమె! ఒక్కసారి చూస్త అంటున్న. మీకు కథ పెద్దగయిందా?”

“నీకు మీ అమ్మ నోరు గావాలె. నాకు ఆ నోట్లకెల్లి వచ్చింది గావాలె.”

“అట్లయితే నోరే చూస్తగా. పెదవులు చూసి మాట పట్టేటోళ్లు ఉన్నరు.”

“ఎన్ని మాటలు పడ్తరు? నాలుగు? పుట దొరికితే పుస్తకం పేరు దొరుకుతది. పేరు దొరికితే పుస్తకం యాడన్న ఒక కాడ దొరుకుతది. మొత్తం కథ దొరుకుతది. సదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా?”

అది కాదనడానికి లేదు. అంతకుముందు ఎందరో ఆ పుస్తకం కోసం వెతికారు. పుట్టి నడిపే ఆడదాని కథ ఎక్కడా లేదు. పేరు తెలియదు, పైన వార్తాపత్రిక కాగితంతో అట్ట. ప్రింటులో పుట ఒక తెల్లటి చీలిక, అక్షరాలు నువ్వుగింజలు. చేద మాత్రమే వాటిని పైకి తేగలదు.

వినోద ఆ పూట అన్నం ముట్టలేదు. గంగామణి కూడా ముట్టలేదు. పోసవ్వ ఇద్దరినీ తిట్టి తన కంచం తాను కడుక్కుంది. చీకటి పడేలోపు వినోద లేచి, గంగామణి చాటలో మిగిలిన ఆకులు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూనే అంది, “పుటే చూస్త.”

గంగామణి ఆకు సరిగ్గా మడవలేదని చేతి మీద ఒకటి వేసింది.

*

కామేశ్వరి కిరణాన్ని సరిచేసే ముందు ఇంకోసారి అడిగింది. “నోరు గోరంత దూరంలో ఉందమ్మాయ్. ఇప్పటికైనా చెప్పు.”

“పుట మేడం.”

ఫోటో పక్కనున్న రైస్ మిల్లు కప్పు మీదినుంచి తీసింది. కాబట్టి పుట ఏటవాలుగా, పైనుంచి కనబడుతుంది. తెర మీద మొదట మబ్బు. మబ్బులోంచి ఒక బొటనవేలు. గోరు పక్కన కత్తెర పట్టి పట్టి కాయ కాసింది. తల్లి నోరు వదులుకున్న వినోదకు ఆ వేలు ముఖంలా ఎదురొచ్చింది.

అక్షరాలు తేరాయి. కామేశ్వరి పైకి చదివింది. “ఫుట్ వాల్వు లోపలి రబ్బరు వాషరు అరిగినచో గొట్టము గాలి పీల్చును. అట్టి యెడల మోటారును ఆపి...” ఆగింది. “ఇదేంటి?”

“చదవండి మేడం.”

“...మోటారును ఆపి, గొట్టమును నీటితో నింపవలెను. వినోదా, ఇది పంపుసెట్లు బాగుచేసుకునే పుస్తకం.”

వినోద ఆ బొటనవేలినే చూస్తోంది. అది పుట మీద వరసల వెంట కిందికి జారుతోంది, చదువుతున్న మనిషి వేలు జారినట్టే. అట్టడుగుకి వచ్చింది. ఇప్పుడు పుట తిప్పాలి. వేలు పుట తిప్పలేదు. మళ్లీ పైకి పోయింది. మొదటి వరస మీద ఆగింది. మళ్లీ కిందికి. వాల్వు, వాషరు, గొట్టం, మోటారు. మళ్లీ పైకి.

పుస్తకంలో చంద్రకళ లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. గ్రంథాలయంలో ఉన్న నాలుగు నవలలూ అయిపోయాక రాజవ్వ చేతికి దొరికిన ఏదో పుస్తకానికి అట్ట వేసి, పుట మీద వేలు పెట్టి, దొరనూ ఏటినీ పుట్టినీ తన కడుపులోంచి తీసి చెప్పింది.

“నోరు!” అని అరిచింది వినోద. “మేడం, నోటి మీదికి తిప్పండి! కథ నోట్ల ఉన్నది!”

“తిప్పితే ఇదీ పోతుంది, అదీ రాదు. ఒక్కచోటే అని చెప్పానుగా తల్లీ.”

అప్పుడు పుట మీదికి ఒక చిన్న చెయ్యి వచ్చింది. గుప్పెడంత చెయ్యి. పుట కొసను నలిపి పట్టుకుంది. పక్కనుంచి ఎవరో ఆ పిల్లను లాగుతున్నట్టున్నారు, పుట బిగిసింది. కాయ కాసిన వేలు ఆ చిన్న గుప్పిట దగ్గరికి వచ్చింది. ఒక్కొక్క వేలూ విప్పింది. విప్పిన వేలు మళ్లీ ముడుచుకుంటే మళ్లీ విప్పింది. ఆఖరి వేలు విప్పాక చిన్న చెయ్యి గాలిలో కొట్టుకుంటూ తెర దాటిపోయింది.

పెద్ద చెయ్యి కాసేపు ఉన్నచోటే ఉంది. తర్వాత నలిగిన కొసను చదును చేసి, బొటనవేలు మొదటి వరస మీదికి పోయింది. కిందికి జారడం మొదలుపెట్టింది.

వేలు సగం పుటలో ఉండగా తెర తెల్లబడింది.

కామేశ్వరి యంత్రం ఆపి అంది, “పుట తడిసి చదవరాలేదని చెప్పు. అంత పెద్ద అబద్ధమేం కాదు.”

“ఇన్నేండ్ల సంది అందరూ వాళ్లకు అబద్ధాలే చెప్పిన్రు మేడం,” అంది వినోద. “నేను గూడ చెప్పాల్నా?”

*

“పేరేంది పుస్తకం?” అంది గంగామణి, వినోద గుమ్మంలో కాలు పెట్టకముందే.

“పంపుసెట్ల రిపేరు పుస్తకం పెద్దమ్మా.”

“ఏందే?”

“బాయి మోటార్లు రిపేరు చేసుకునేది. అండ్ల కథ లేదు. అమ్మ సదవలే. చెప్పింది.”

పోసవ్వ పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. గంగామణి ముఖం నల్లబడింది.

“దొంగముండ!” అంది. “సదివేదానికని మేం దాని బీడీలు చుట్టితిమి! ఏళ్ల సంది చుట్టితిమి! మమ్ముల పిచ్చోళ్లను చేసెనా?”

“ఎవరు పిచ్చోళ్లు?” పోసవ్వ నవ్వు ఆపింది. “నోటి ముచ్చట చెప్పుత అంటే చుట్టుదువా నువ్వు? ముచ్చట్లు పెట్టకురి అని కత్తెర ఇసిరెటిదానివి. అచ్చు ఉంటేనే సదువు అంటివి. అదేం జేస్తది? అచ్చు పట్టుకున్నది.”

గంగామణి ఒళ్లోంచి చాట జారి ఆకులు చెల్లాచెదురయ్యాయి. ఎవరూ ఏరలేదు.

“అయితే నోరే చూడాల్సుండె,” అంది చివరికి. “నువ్వు నోరే అంటివి. నేనే వద్దంటి.”

ఏం ఫరవాలేదని వినోద అందామనుకుంది. ఫరవా ఉంది. తల్లి నోరు పోయింది, వీళ్ల కథ పోయింది. ఒక్క తెలివైన నిర్ణయంతో రెండూ పోయాయి. అక్షరానికి ఎంత దణ్ణం పెడతామంటే, దాన్ని పలికే నోటి వైపు చూడం.

“చెయ్యి చూసిన,” అంది. “అమ్మ చెయ్యి.”

“ఏం చేసింది చెయ్యి?”

చెప్పింది. చిన్న గుప్పిట గురించి, విప్పిన వేళ్ల గురించి, మళ్లీ మొదటి వరస మీదికి పోయిన బొటనవేలి గురించి.

గంగామణి ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. “పడవల నిన్ను అందుకున్నది నేనే,” అంది. “నువ్వు ఏడిస్తే ఏరు దద్దరిల్లింది. మీ అమ్మ తల ఎత్తి చూడలే. ఇదేం తల్లిరా, పిల్ల దిక్కు చూస్తలేదు అనుకున్న. దాని మీద మనసుల కోపం పెట్టుకుని నిన్ను సాదిన.” గట్టిగా ఊపిరి లాగింది. “చూస్తే ఇడిచిపెట్టెటిది గాదేమో. ఇడిచిపెట్టకపోతే కథ ఆగుతుండె. కథ ఆగితే బాలమణి దుంకుతుండె.”

*

ఫోటో ఇప్పటికీ గోడల మీద ఉంది. పంపుసెట్ల సంగతి కామేశ్వరి పత్రికలకు చెప్పింది. ఎవరూ వేయలేదు. పుస్తకాల వారోత్సవంలో ఆ మాట బాగుండదన్నారు.

గంగామణి మంచం పట్టింది. వినోద సెలవు పెట్టి వచ్చేసింది. ఒక మధ్యాహ్నం గంజి తాగించి మూతి తుడుస్తుంటే గంగామణి ఆమె మణికట్టు పట్టుకుంది.

“నువ్వు చెప్పరాదే.”

“ఏం చెప్పాలె?”

“చంద్రకళ సంగతి. దాని బిడ్డవే గద. అద్దరికి పోయిందా, లేదా? ఏదో ఒకటి చెప్పు. నేను నమ్ముత.”

పోసవ్వ కూడా చుట్టడం ఆపి చూసింది. వినోద కళ్లు మూసుకుంది. ఏటిని తలుచుకుంది. పుట్టిని తలుచుకుంది. అద్దరిన కట్టెలు పట్టుకున్నవాళ్లను తలుచుకుంది. నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. తల్లి విద్య పిల్లకు వస్తుందని అంటారు. వినోదకు రాలేదు. ఆమెకు ఫిల్ములు కడగడం వచ్చు.

“నాకు రాదు పెద్దమ్మా,” అంది. ఏడ్చింది.

గంగామణి ఆమె ఏడుపును కాసేపు సాగనిచ్చింది. ఆ తర్వాత మణికట్టు వదలకుండానే గోడ వైపు తిరిగింది.

“రాకుంటే రాకపాయె. నడుమ ఏట్లనే ఉండనియ్యి,” అంది. “బాలమణికి గదే చెప్త. ఒడ్డెక్కితే దిగిపోతుండె, కథ అయిపోతుండె.”